స్టిక్కరు కింద మాట

ఊరెళ్లేవాళ్లతో నేను గొడవ పెట్టుకోను. మా ఆయన అలిగి గడప దాటిన పూటే లారీ కింద పడ్డాడు. ఆ తర్వాత నలభై ఏళ్లుగా ఎవరు బయల్దేరినా నవ్వుమొహంతోనే సాగనంపాను. అలాంటిది, తెల్లారితే మనవరాలు వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్తుందనగా పాత్రల కొట్లో నా నోరు అదుపు తప్పింది.

అద్దెగదిలో కేకులు కాల్చే చిన్న ఓవెన్ ఉందట. దానికని పిల్ల పల్చటి గాజుగిన్నె ఎంచుకుంది, అంచున నీలిపూలు. బిల్లు కూడా అయిపోయింది. నేను బోర్లించి చూశాను. అడుగున ధర స్టిక్కరు. పొట్లాం కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. అక్షరం దాస్తే ఊరుకోలేను.

"స్టిక్కరు పీకితే వాపసు తీసుకోం, మామ్మగారూ," అన్నాడు కొట్టాయన.

గోటితో గీకాను. 'ఓవెన్‌లో వాడరాదు' అని ఉంది.

"ఇదేమిటి?"

"కంపెనీవాళ్లు అలాగే రాస్తారండీ. ఎంతమంది పట్టుకెళ్లలేదు? ఏమీ కాదు."

"ఏమీ కాకపోతే ఆ మాట నెత్తిన స్టిక్కరెందుకు? ప్రతి గిన్నెకీ సరిగ్గా అక్కడే!" వరసగా నాలుగు తిప్పి చూపించాను.

"అమ్మమ్మా, అందరూ చూస్తున్నారు. పరువు తీయకు."

"చూడనీ. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు ఓవెన్‌లోకి తోసే రకం నువ్వు. ఇది పగిలితే పెంకులు నీ మొహం మీదికే."

"సరే, పళ్లముక్కలు వేసుకుంటా. చాలా?"

"వేసుకుంటావు, వారం రోజులు. ఎనిమిదో రోజు ఆకలిమీద వస్తావు, చేతికి ఇదే దొరుకుతుంది."

"మామ్మగారికి చాదస్తం ఎక్కువ," అని కొట్టాయన నవ్వాడు. పిల్లా నవ్వింది. నా ఒళ్లు మండిపోయింది.

గిన్నె ఎత్తి నేలకేసి కొట్టాను. చెయ్యి జారలేదు. తెలిసే కొట్టాను.

ఎదురు కొట్లో పిడులతో సహా అంతా స్టీలే అయిన, ఓవెన్‌కి పనికొచ్చే పళ్లెం కొని పిల్ల సంచిలో కుక్కాను. ఇంటికొచ్చాక పిల్ల దాన్ని తీసి గుమ్మంలో పెట్టింది. మళ్లీ కుక్కాను.

పొద్దున బస్సెక్కి కూర్చుంది, నావైపు తిరగలేదు. క్షమించమనబోయి నోరు మూసుకున్నాను. తప్పు నాదైతే కదా! బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను, కోపంగానే.