మైకు ముందు మంచి భర్త

కాలరు దగ్గర చిన్న మడత మిగిలిందని భర్త చొక్కాను మళ్ళీ ఇస్త్రీ బల్ల మీదికి విసిరాడు. "నలుగురిలో నిలబడి మాట్లాడేవాణ్ణి. నీకేం, వచ్చి కూర్చుంటే సరిపోతుంది," అన్నాడు. నిజమే. రొమ్ము కోయించుకున్నది ఆమె, మాట్లాడేది ఆయన.

ఆమెకు జబ్బు తగ్గిన ఏడాదికి ఆయన క్యాన్సర్ రోగుల కోసం ఒక సంఘం పెట్టాడు. రోగుల హక్కులు, కుటుంబం అండ అంటూ ఊరూరా సభలు. మంచి పనే, ఎవరు కాదంటారు? మందుల ధరలు తగ్గించమని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు కూడా. కానీ ప్రతి సభలోనూ "మేము పోరాడాం, మేము గెలిచాం" అంటుంటే ఆమెకు కడుపులో తిప్పుతుంది. కీమో వాంతులకైనా మాత్రలుండేవి, దీనికి అవీ లేవు.

ఆ కీమో రోజుల్లో మందుల వాసన పడటం లేదని ఆయన హాల్లో పడుకునేవాడు. అత్తగారు ఆమె పళ్ళెం, గ్లాసు వేరు పెట్టింది. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పినా "వాళ్ళకేం, చెబుతారు" అంది. కుట్లు మానకముందే వంటింట్లోకి పిలిచి, "రెండో చెయ్యి బాగానే ఉందిగా" అన్నదీ ఆవిడే. ఇప్పుడు ఆ అత్తగారే సంఘం వాళ్ళ గులాబీ రంగు బ్యాడ్జీ పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంటుంది, కోడలికి తన చేత్తో తినిపించి బతికించుకున్నానని పక్కావిడకు చెబుతుంది. గోరంత చేసి కొండంత చెప్పుకుంటే ఓర్చుకోవచ్చు. వీళ్ళు ఆ గోరంతైనా చేయలేదు. రోత పుట్టేది అందుకే.

ఆ రోజు సభలో భర్త గొంతు వణికించి మరీ, ఆమె వాంతి చేసుకున్న ప్రతిసారీ గిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నానన్నాడు. హాలంతా చప్పట్లు. చివర్లో ఆమె లేచి "ఈయన వల్లే బతికాను" అనాలి, అది మామూలే. ఆ ఒక్క ముక్కతో ఇంట్లో గొడవ ఉండదు, ఎవరికీ నష్టమూ లేదని ఇన్నాళ్ళూ అనేస్తూ వచ్చింది.

ముఖం కడుక్కుందామని వాష్‌రూములోకి వెళ్తే, తలకు గుడ్డ చుట్టుకున్న ఒకమ్మాయి అద్దం ముందు ఏడుస్తోంది. ఏమైందమ్మా అని అడిగింది.

"మీ ఆయన గిన్నె పట్టుకున్నారట కదక్కా. మా ఆయన గదిలోకే రాడు. నాలోనే ఏదో తప్పుందేమోనని..."

ఆమెకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఈసారి మొగుడి మీద కాదు, తన నోటి మీదే. ఎవరికీ నష్టం లేదనుకున్న ముక్క వచ్చి ఈ పిల్ల మెడకు చుట్టుకుంది. "నీ తప్పేం లేదు, పద," అని చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చింది.

భర్త నవ్వుతూ మైకు అందించాడు. రెండు ముక్కలు చాలని చెవిలో గుర్తు చేశాడు.

"ఈయన చెప్పిన ఆ మంచి భర్త నాకు దొరకలేదు," అంది.

అత్తగారి చెయ్యి బ్యాడ్జీ మీదికి పోయింది. భర్త మైకు కోసం చెయ్యి చాపితే ఆమె ఒకడుగు పక్కకు జరిగింది.

"గిన్నె నేనే పట్టుకున్నాను, నేనే కడుక్కున్నాను. మీలో ఎవరికైనా అలాంటి భర్త ఉంటే ఇక్కడే కూర్చుని ఈయన మాటలు వినండి. లేనివాళ్ళు నాతో పక్కగదిలోకి రండి. పక్కన ఎవరూ లేకుండా ఎలా గట్టెక్కాలో నాకు తెలుసు."

కుర్చీలు జరిగిన చప్పుడు చాలాసేపు ఆగలేదు.