వదిన వీపున పార

నేను ఒక పారను. మట్టి మొహం ఎరగను. కొండల్లో మంచు కింద పడ్డ మనిషిని తవ్వి తీయడానికని నన్ను అల్యూమినియంతో తేలిగ్గా చేశారు. చేసినవాడి ఉద్దేశం గొప్పదే. కొన్నవాళ్ళు మాత్రం నాచేత మంచులో మరుగుదొడ్డి గుంటలు తవ్వించారు, టీ నీళ్ళకు మంచు ఎత్తించారు, పీటలా వేసుకుని కూర్చున్నారు. ఇదేమిటని అడిగే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

నా యజమాని అనంతపురం ఓబులేసు. ఏటా ఎండాకాలం హిమాచల్ కొండలకు మనుషుల్ని తీసుకెళ్తాడు. మనిషికో పార ఉండాలని అతనికీ తెలుసు. మోత ఎక్కువని నా ఒక్కదానితోనే సరిపెట్టేవాడు. ఆ ఏడు వచ్చింది ఇద్దరే, టీచరమ్మ భ్రమరాంబ, ఆవిడ ఆడపడుచు వకుళ. ముగ్గురం బయల్దేరకూడదని భ్రమరాంబ సందేహిస్తే, "పారతో కలిపి నలుగురం కదమ్మా" అన్నాడు. అలా నన్నూ మనుషుల్లో కలిపారు.

ఎండాకాలం మంచు తెల్లవారుజామున రాయిలా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ లోపల నీరు చేరి, కొండవాలున ఉన్న మంచు మొత్తం ఒక్కసారిగా జారుతుంది. పెందలాడే దాటేయాలి. మనవాళ్ళకు దీపం పెట్టుకుని, వకుళకు జడ వేసి, ఉప్మా తినేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు.

"మంచు మెత్తగైంది. ఒగరు అవతలికి చేరినంకే ఇంగొగరు పోండమ్మా. జారితే తీసేదానికి మనిషి ఉండల్ల గదా" అన్నాడు ఓబులేసు.

"మా అత్తకు మాటిచ్చినా అన్నా, దీని చెయ్యి ఇడ్సనని" అంది భ్రమరాంబ. మరదలికి బరువెందుకని నన్ను కూడా తన వీపుకే కట్టుకుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని వాలు మీదికి దిగారు. ప్రేమ ముదిరితే మనుషులకు చెవులు పనిచెయ్యవు.

సగం దారిలో వాలు కదిలింది. వకుళ నడుం దాకా కూరుకుని పక్కన ఆగింది. భ్రమరాంబ పూర్తిగా మునిగిపోయింది, ఆవిడతో నేనూ. ఆగిన మంచు సిమెంటులా బిగిసింది. నేను పుట్టిందే ఆ క్షణం కోసం, అప్పుడేమో నన్నే ఎవరో తవ్వి తీయాలి. నవ్వొచ్చేదే గానీ, ఆవిడ ఊపిరి సన్నబడుతుంటే ఏడుపొచ్చింది.

ముగ్గురి మెడల్లోనూ సిగ్నల్ పెట్టెలున్నాయి. ఓబులేసు తన పెట్టెతో ఆవిడ పెట్టె సిగ్నల్ వెతికి చోటు పట్టాడు. అతను గిన్నె మూతతో, ఎలాగో పెనుగులాడి బయటపడిన వకుళ గోళ్ళతో తవ్వారు. "వదినా! పలుకు వదినా!" ముందు నా పిడి తగిలింది. వకుళ నన్ను పెరికి, ఏడుస్తూనే తవ్వింది. భ్రమరాంబ మొహం బయటపడేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. కాసేపటికి దగ్గింది. భుజం జారింది గానీ బతికింది.

మర్నాడు తెల్లవారుతుండగా, మంచు గట్టిగా ఉన్నప్పుడే తిరుగుదారి పట్టారు. దారిలో ఇంకో వాలు దాటాలి. వకుళ అలవాటుగా చెయ్యి చాపింది.

భ్రమరాంబ పట్టుకోలేదు. "నువ్వు ముందు పో. నేనీడ నిలబడి చూస్తాంటా."

వకుళ ఒంటరిగా నడిచింది. భ్రమరాంబ బాగున్న చేత్తో నా పిడి పట్టుకుంది. అంత గట్టిగా నన్నెవరూ పట్టుకోలేదు. అవతలి నుంచి "వదినా, చేరినా!" అన్న కేక వినబడ్డాక గానీ వదల్లేదు.