దేవుడికి ఓ మాట చెప్పవే

అద్దాల దుకాణంలో అందరూ ఆమెను గీత అని పిలిచేవారు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అద్దం మీద కట్టర్ ఆనించి ఒక్క ఊపులో లాగిందంటే గీత వెంట్రుకవాసి కూడా పక్కకి పోదని దుకాణం ఓనరు సరదాగా మొదలుపెట్టాడు. అదే స్థిరపడిపోయింది. పెళ్ళి ఊసు ఇంట్లో ఎప్పుడో పాతబడింది. అన్నయ్య పెళ్ళి చేసుకుని రెండు వీధుల అవతల వేరు కాపురం పెట్టాక, అమ్మానాన్నల దగ్గర గీతే మిగిలింది.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఒకరోజు మధ్యాహ్నం బస్సు డిపోలో పెట్టి, తాళం అప్పగించి, బెంచీ మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడట. నీళ్ళు తెచ్చేలోపే పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు.

ఆసుపత్రి వరండాలో గీత దేవుణ్ణి పట్టుకుంది. అప్పటిదాకా ఆమె భక్తి ఇంట్లో గోడగడియారం లాంటిది. ఉందని తెలుసు, పనిగట్టుకుని తలెత్తి చూసింది తక్కువ. ఇప్పుడు మాత్రం ఊపిరి సలపనివ్వకుండా అడిగింది. ముందు నాన్న ఎప్పటిలా లేచి డ్యూటీకి వెళ్ళాలంది. తర్వాత, డ్యూటీ లేకపోయినా ఫర్వాలేదు, నడిస్తే చాలంది. నడవకపోయినా మాట్లాడితే చాలంది. చివరికి, ఒక్కసారి కళ్ళు తెరిచి అమ్మని గుర్తుపడితే చాలు, ఇంకేం అడగనంది. బేరంలో తగ్గుతూ వచ్చింది ఆమే. అటువైపు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాన్న కళ్ళు తెరవకుండానే పోయాడు.

గీత దేవుణ్ణి తిట్టుకోలేదు, అలగనూ లేదు. ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టి వచ్చేసినట్టు, మాట్లాడటం మానేసింది. ఏడుపు కూడా రాలేదు. పనిలో పడింది. ఆ నెలలో పగిలినన్ని అద్దాలు ఆమె చేతిలో ఎప్పుడూ పగల్లేదు. ఓనరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

నాన్న పోయాక బయటపడింది అసలు సంగతి. అమ్మకి మతిమరుపు అప్పటికే బాగా ముదిరింది. పొయ్యి ఆర్పటం, మందులు గుర్తుచేయటం, చుట్టాల పేర్లు చెవిలో ఊదటం, అన్నీ నాన్నే చేసుకుంటూ, ఎవరి కంటా పడకుండా కప్పిపుచ్చుకొచ్చాడు. ఆయన వెళ్ళగానే అమ్మ బుర్ర పునాది కదిలిన గోడలా ఒక్కసారిగా కూలింది.

పొద్దు వాలేసరికి అమ్మ కిటికీ దగ్గర చేరేది.

"ఏమే, మీ నాన్న ఇంకా రాలేదు?"

మొదటిసారి గీత నిజం చెప్పింది. పక్కన కూర్చుని, చేతులు పట్టుకుని, మెల్లగా చెప్పింది. అమ్మ ఆ కబురు అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. తెల్లారేసరికి అంతా మరిచిపోయింది. సాయంత్రం మళ్ళీ కిటికీ, మళ్ళీ అదే ప్రశ్న. గీత మళ్ళీ చెప్పింది. అమ్మ మళ్ళీ కొత్తగా ఏడ్చింది.

ఆదివారం వచ్చిన అన్నయ్య ఇది చూసి మండిపడ్డాడు.

"రోజూ ఆవిడ మొగుణ్ణి చంపుతున్నావు నువ్వు! వస్తాడని చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నీకేం, వారానికోసారి వస్తావు. రోజూ కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పి చూడు, తెలుస్తుంది."

"నాకూ ఏం చెయ్యాలో తెలీటం లేదే," అన్నాడు అన్నయ్య నేల చూస్తూ.

మర్నాటి నుంచి గీత "వస్తాడులే" అనటం నేర్చుకుంది. అమ్మ ఊరుకుంటే బాగానే ఉండేది. ఊరుకోలేదు.

"రోడ్ల మీద ఎన్ని బళ్ళు తిరుగుతున్నాయో. దేవుడికి ఓ మాట చెప్పవే. ఆయన్ని క్షేమంగా ఇంటికి చేర్చమను."

"నువ్వే చెప్పమ్మా."

"నాకు మాటలు దొరకటం లేదే. నువ్వు చెప్పు, నీ మాట వింటాడు."

గీతకి ఒళ్ళు మండింది. "నా మాట వినడమ్మా. చెప్పి చూశాను."

"వినకపోతే మళ్ళీ చెప్పాలి. మీ నాన్నకి ఒక మాట ఎన్నిసార్లు చెప్తే ఎక్కుతుందో నీకు తెలీదూ? ఆయనకంటేనా దేవుడు!"

నాన్న వినీ విననట్టు ఉండటం ఆ ఇంట్లో పాత నవ్వులాట. గీతకి నవ్వు రాలేదు. అమ్మ కళ్ళు మూసుకుని, బడిలో పిల్లలా ఒద్దికగా కూర్చుని ఎదురుచూస్తోంది. చేసేదేమీ లేక, "దేవుడా, నాన్నని క్షేమంగా ఇంటికి చేర్చు," అంది గీత. నోట్లో ఇసుక పోసుకున్నట్టనిపించింది. అమ్మ మాత్రం కళ్ళు తెరిచి, హాయిగా ఊపిరి వదిలి, పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు మారాం చేయకుండా తినేసింది.

అలా రోజూ ఒకే వాక్యం. పోయిన మనిషిని ఇంటికి చేర్చమని, లేడనుకుంటున్న దేవుణ్ణి అడగటం. ఇంతకంటే పనికిమాలిన పని లోకంలో ఉంటుందా అనుకునేది గీత. అయినా పొద్దు వాలితే మానటానికి లేదు.

ఒకరోజు దుకాణం నుంచి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. పగలు అమ్మకి తోడుండే వదిన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కుర్చీలో అమ్మ లేదు.

"ఇప్పుడే కదా ఇక్కడ కూర్చోబెట్టాను!" వదిన మొహం పాలిపోయింది.

గీత వదినని అటు పంపి తను ఇటు పరిగెత్తింది. మందుల షాపులో అడిగింది, మంగలి దుకాణంలో అడిగింది. "తెల్లజుట్టు, నీలం శాలువా, చెప్పులు ఉన్నాయో లేవో తెలీదు..." అందరూ అయ్యో అన్నారు, ఎవరూ చూడలేదు. పెద్దరోడ్డు మీద బళ్ళు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఆ అంచున నిలబడి గీత ఎటు పోవాలో తెలియక అటూ ఇటూ చూసింది. కాపాడమని అడగటానికి నోరు తెరిచింది. ఎవర్ని అడగాలి? నాన్న పోయిన రోజున కూడా వేయనంత భయం అప్పుడు వేసింది.

అమ్మ బస్టాపులో దొరికింది. బెంచీ చివర, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, వచ్చే ప్రతి బస్సులోనూ డ్రైవరు మొహం వెతుకుతూ కూర్చుంది. గీతకి ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా!"

అమ్మ తలతిప్పి, కొత్తవాళ్ళని చూసినట్టు మర్యాదగా చూసింది. కాస్త జరిగి చోటిచ్చింది. "కూర్చో అమ్మాయ్. రొప్పుతున్నావు. నువ్వూ ఎవరి కోసమో చూస్తున్నావా?"

అమ్మ తనని గుర్తుపట్టని రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని డాక్టరు చెప్పాడు కానీ, ఇంత మామూలుగా, బస్టాపులో వస్తుందనుకోలేదు. గీత "నేనమ్మా" అనబోయి, అంటే అమ్మ బెదిరిపోతుందేమోనని ఆగి, కూర్చుంది.

"మా నాన్న కోసమండీ," అంది. కన్నతల్లిని అండీ అనటం అదే మొదలు.

"ఏ బస్సుకొస్తారు?"

"రాడండీ. పోయాడు."

"అయ్యో తల్లీ!" అమ్మ చెయ్యి చాచి గీత చెంప నిమిరింది. "మీ అమ్మ ఉందా?"

గీత తలూపింది.

అమ్మ ఇంకేం అడగలేదు. గీత చేతిని ఒళ్ళోకి తీసుకుని కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళూ దొరకటం లేదన్న మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, తడుముకోకుండా వచ్చాయి.

"దేవుడా, ఈ పిల్ల నాన్న పోయాడట. పేరు తెలీదు నాకు. ఏడవటం కూడా లేదు, చూడు. నువ్వేం ఇవ్వకపోతే మానె, దీని పక్కన కాసేపు కూర్చో."

బస్సొకటి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. గీత అమ్మ భుజం మీద తల వాల్చి, నాన్న పోయాక మొదటిసారి ఏడ్చింది. దిగినవాళ్ళు చూస్తూ పోయారు. ఎవరో పరాయి పిల్లని ఓదార్చినట్టు అమ్మ వీపు నిమురుతూనే ఉంది. అడిగినదేదీ జరగని ఆ ఆసుపత్రి వరండాలో కూడా తన పక్కన ఎవరైనా కూర్చుని ఉన్నారా? ఏమో. కూర్చోమని అడగాలని మాత్రం తనకప్పుడు తోచలేదు.

ఆ తర్వాత అద్భుతాలేం జరగలేదు. అమ్మ గీతని కొన్నిసార్లు గుర్తుపట్టేది, ఎక్కువసార్లు పట్టేది కాదు. చలికాలం వచ్చేసరికి నాన్న గురించి అడగటం కూడా మానేసింది. దేవుడికి చెప్పమనటమూ మానేసింది. చెప్పమనేవాళ్ళు లేకపోయినా గీత చెప్పటం మానలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, కిటికీ దగ్గర, తోచింది చెప్పేది. ఆరోజు దుకాణంలో పగిలిన అద్దం సంగతి చెప్పేది. "నావల్ల కావటం లేదు" అని చెప్పేది. అమ్మని మునుపటిలా చేయమని కూడా ఒకటి రెండుసార్లు ఆశ చంపుకోలేక అడిగింది. జరగదని తెలుసు. అయినా ఈసారి ఆ తలుపు దగ్గర్నుంచి వచ్చేయలేదు.

ఒక సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. అమ్మ ఆ పూట ముద్ద మింగలేదు. చెంచా పెడితే పెదవులు బిగించింది.

"మళ్ళీ నమ్మకం కుదిరిందా నీకు?" అడిగాడు అన్నయ్య. అందులో ఎత్తిపొడుపు లేదు.

"ఏమో అన్నయ్యా. పూర్తిగా ఎక్కడ కుదిరింది? చెప్పకుండా ఉండలేను, అంతే."

అన్నయ్య గుమ్మంలోనే బూట్లు విప్పి, అమ్మకి రెండోవైపు నేల మీద చతికిలబడ్డాడు.

"ఏం చెప్పాలి?"

"నీకేం తోస్తే అది."

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. అమ్మ తల వంచి, ఈ పెద్దమనిషి ఎందుకిలా అవస్థ పడుతున్నాడా అన్నట్టు, అతని మొహంలోకి వింతగా చూస్తోంది.

"తొందరేం లేదు," అంది గీత.