చాచిన చెయ్యి

గిరిప్రసాద్ ఒళ్ళు తగ్గించుకోవాలనుకున్నది ఆరోగ్యం కోసం కాదు, బీరు కోసం. బెంగుళూరులో ఏటా ఒక బీరు పండగ జరుగుతుంది. కిందటేడు స్నేహితుడు మునస్వామితో కలిసి సరదాగా వెళ్ళి, అక్కడి పోటీలో నిలబడ్డాడు. లీటరు బీరు పట్టే గాజు మగ్గును నిండుగా, భుజానికి సమంగా చెయ్యి చాచి పట్టుకోవాలి. మోచెయ్యి వంగినా, మగ్గు తొణికినా ఓడినట్టే. గిరిప్రసాద్ చెయ్యి అందరికన్నా ముందు వాలిపోయింది. బీరంతా చొక్కా మీద, చొక్కాలో పట్టని బొజ్జ మీద ఒలికింది. ఎవరో వీడియో తీశారు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి రైతుల వాట్సాప్ గ్రూపుల్లో అది తోతాపురి ధర కన్నా వేగంగా తిరిగింది.

ఈ ఏడు గెలిచి తీరాలని పంతం పట్టాడు. చిత్తూరులో టైర్ల అంగడి నడిపే మునస్వామి తనంతట తానే గురువైపోయాడు.

"ముందు బొజ్జ కరగల్లప్పా. కరిగితేనే గదా మళ్ళా బీరు పోసుకునేదానికి చోటుండేది," అన్నాడు.

తెల్లవారుజామున తన మామిడితోట చుట్టూ పరుగు మొదలైంది. రాగిసంగటి ముద్ద సగమైంది. భార్య స్రవంతి కంచం వైపు చూసి నవ్వాపుకోలేకపోయింది. "కొండకు మొక్కుకోని ఒక్కపొద్దుండేవాళ్ళను సూసినా గానీ, బీరుకు మొక్కుకోని కడుపు మాడ్చుకునేవాడిని నిన్నే సూస్తాండాను."

ఇంట్లో చేస్తే భార్య నవ్వు, వీధిలో చేస్తే ఊరి నవ్వు. అందుకని చేతి కసరత్తుకు మిట్టమధ్యాహ్నం వేళ ఎంచుకున్నాడు. కాయ కోతలు ఎప్పుడో అయిపోయాయి. ఆ వేళకు తోటలో పిట్ట కూడా అరవదు. పాత ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసుకుని, చెట్ల వరసల మధ్య నిలబడి, చెయ్యి చాచి పట్టుకునేవాడు.

మొదట్లో చెయ్యి వణికింది. కొన్నాళ్ళకు తేలికగా అనిపించసాగింది. బలం వచ్చిందని మురిసిపోయి, చెంబు దించి లోపలికి చూశాడు. సగమే ఉన్నాయి నీళ్ళు.

కింద నేల పొడిగా ఉంది. చెంబుకు చిల్లి ఉందేమోనని నింపి తోటలోని నీళ్ళ తొట్టి గట్టు మీద పెట్టాడు. సాయంత్రానికి కూడా చుక్క తగ్గలేదు.

మర్నాడు నీళ్ళ మీదనుంచి చూపు తిప్పలేదు. చెంబు కదల్లేదు. లోపలి నీళ్ళు మాత్రం అవతలి అంచు వైపు ఒరిగాయి, మెల్లగా తగ్గాయి. ఎదురుగా, చాలా దగ్గరగా, గుటక వినిపించింది. ఇంకొకటి. చెంబు ఖాళీ అయ్యాక, ఎవరో అరచేత్తో మూతి తుడుచుకున్న చప్పుడైంది. అంతే. తోట మళ్ళీ నిశ్శబ్దమైపోయింది.

ఫోనులో చెబితే మునస్వామి తేలిగ్గా తీసిపారేశాడు. "తిండి తగ్గిచ్చినావు గదా, కళ్ళు తిరగతాండాయి. ఒక పని చెయ్. నీళ్ళు గాకుండా ఇసక పొయ్యి."

గిరిప్రసాద్ అలాగే చేశాడు. కాసేపు ఏమీ జరగలేదు. తరువాత చెంబును ఎవరో తమవైపు కొంచెం వంచుకున్నారు. వెంటనే వదిలేశారు. ఎదురుగా ఒక దగ్గు. పూర్తిగా ఎండిపోయిన గొంతులోంచి వచ్చిన దగ్గు. గిరిప్రసాద్‌కు భయం కన్నా ముందు సిగ్గేసింది. ఇసక పారబోసి, చెంబు కడిగి, నీళ్ళు నింపుకొచ్చి, చెయ్యి మళ్ళీ చాచాడు.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. ఆమె అనపకాయలు ఒలుస్తూనే విన్నది.

"మిట్టమద్యానం నిండు సొంబు పట్టుకోని చెయ్యి చాపి నిలబడితే, సూసేవాళ్ళకు ఎట్లుంటుంది నాయనా?"

"ఎట్లుంటుంది?"

"ఇదో, తాగప్పా అన్నట్టుంటుంది."

"సూసేవాళ్ళు ఎవురుమా ఆడ?"

"మన తోట కాకముందు ఆడ కాలిదోవ. ఎండలో నడిచిపోయినోళ్ళు ఎందరో. ఎవురని సెప్పేది? ఇచ్చేది మొదలుపెట్టినావు, మద్దెలో నిలపబాక."

"మరి నా కసరత్తు?"

ఆదిలక్ష్మమ్మ ఇంకో అనపకాయ ఒలిచింది. వింటున్న స్రవంతి ఈసారి నవ్వలేదు. మర్నాడు తోటకు బయల్దేరుతుంటే చెంబు తీసుకుని ఇంట్లో కుండనీళ్ళతో నింపి ఇచ్చింది. "తొట్టి నీళ్ళు వేడిగా ఉంటాయి," అంది.

పండగ రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నం తోటకు తాను పోతానని స్రవంతి మాటిచ్చాక, గిరిప్రసాద్ మునస్వామి కారులో బెంగుళూరు చేరాడు. డప్పులు, పాటలు, జనం. పోటీకి పిలిచే ముందు ఫోను మోగింది.

"చెయ్యి నొప్పి పుట్టేదాకా నిలబడినా. నీళ్ళు తగ్గలే," అంది స్రవంతి. తరువాత మెల్లగా చెప్పింది. "ఈడ ఎవరూ లేరయ్యా."

గిరిప్రసాద్ వరసలో చివర నిలబడ్డాడు. అందరూ నిండు మగ్గులు ఎత్తి చేతులు చాచారు. నడినెత్తిన ఎండ. అవతలి కొసన ఉన్న మనిషి మగ్గులో బీరు తగ్గడం గిరిప్రసాద్ కళ్ళారా చూశాడు. తరువాత ఆ పక్కవాడిది. ఆ తరువాత మూడోవాడిది. మగ్గులు కారుతున్నాయని నిర్వాహకులు గోల పెట్టారు. జనం నవ్వుతున్నారు. డప్పుల హోరులోనూ గుటకలు ఒక్కొక్కటే వరస వెంట దగ్గరికి రావడం అతనికి వినిపిస్తోంది.

అవి అతని ఎదుట ఆగాయి. మగ్గులో నురగ కదల్లేదు. తాగమంటావా అని అడుగుతున్నట్టు, ముఖం మీద వెచ్చటి ఊపిరి తగిలింది.

"తాగబాకప్పా. ఇది నీళ్ళు గాదు," అన్నాడు గిరిప్రసాద్ నోట్లోనే. "రా, ఇంటికి పోదాం."

మగ్గు కింద పెట్టేశాడు.

కారు ఎక్కాక కూడా మునస్వామి గొణుగుతూనే ఉన్నాడు. "నీ మగ్గొకటే నిండుగా ఉన్నింది. ఇంకొంచేపు పట్టుకోని ఉంటే నువ్వే గదప్పా గెలిచేది."

ముళబాగిలు దాటాక వెనక సీటులోంచి ఒక ఎక్కిలి వినిపించింది.

"నీకా?" అన్నాడు మునస్వామి.

"కాదు."

మళ్ళీ ఎక్కిలి. కారంతా పులిసిన బీరు వాసన. మునస్వామి వెనక సీటు కనబడే అద్దాన్ని పైకి తిప్పేశాడు. పలమనేరు దాటి చిత్తూరు వచ్చేదాకా రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని రోడ్డునే చూస్తూ నడిపాడు. ఆ తరువాత అతను ఇసక ఊసు గానీ, బొజ్జ ఊసు గానీ ఎత్తలేదు.

గిరిప్రసాద్ మాత్రం రోజూ మధ్యాహ్నం తోటకు వెళ్ళాడు. పోటీ లేదు, పంతం లేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా నిలబడి వచ్చేవాడు.

వానలు పట్టాయి. కాలువల్లో నీళ్ళు పారుతున్న ఒకరోజు, ఎంతసేపు నిలబడినా చెంబు బరువు తగ్గలేదు. చెయ్యి వణకసాగింది. అయినా దించలేదు. భుజం పీకుతోంది, కళ్ళల్లో చెమట పడుతోంది. అప్పుడు అతని మణికట్టు మీద ఒక అరచెయ్యి పడింది. తడిగా ఉంది, చల్లగా ఉంది. నొప్పి తగలకుండా అతని చేతిని మెల్లగా కిందికి దించి, వదిలేసింది.

ఇంటికి రాగానే స్రవంతి చెంబులోకి చూసింది.

"ఏమైంది?"

"చాలంట," అన్నాడు గిరిప్రసాద్.