ఉప్పు చూడని గంజి

శుక్రవారం సాయంత్రం కూర్మమ్మ రెండు సంచులు సర్దుతోంది. ఒకటి మొగుడు వీరాస్వామిది. అందులో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు మూడు, పాటల పుస్తకం, కళ్ళజోడు, నల్లట్ట వాక్యాల పుస్తకం, మోకాళ్ళ కింద వేసుకునే చిన్న దిండు. రెండోది తనది. అందులో పెద్ద గరిటె, కూరగాయల కత్తి, నాలుగు మసిగుడ్డలు, గంజిలో కమ్మటి వాసనకి వేసే పాందాన్ ఆకుల కట్ట, ఉప్పు డబ్బా. మిగిలిన కాస్త చోటులో ఒక చీర, ఒక జాకెట్టు. ఇద్దరూ వెళ్ళేది ఒక్కచోటికే. ఏటా మలేషియా డే సెలవుల్లో బంటింగ్ ఊళ్ళోని తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు హుటాన్ మెలింటాంగ్‌లో నది ఒడ్డున ఉన్న ఒక పాత చెక్క ఇంట్లో మూడు రోజులు ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటారు. పగలంతా మంచినీళ్ళే. సాయంత్రం ఆరింటికి గంజి తాగి ఉపవాసం విడుస్తారు. సంఘం మొదలై పద్దెనిమిదేళ్ళు. ఆ పద్దెనిమిదేళ్ళూ గంజి కాచింది కూర్మమ్మే.

ఇంట్లో సంచి సర్దుతున్నప్పుడల్లా ఆమెకి పాత సంచులు గుర్తొస్తాయి. చిన్నప్పుడు ఎస్టేటు కూలీల లైనింట్లో అమ్మకి సంచి సర్దింది. పెద్దాసుపత్రికి వెళ్ళిన అమ్మ మళ్ళీ రాలేదు, 1969 మార్చిలో. అన్న పైడిరాజుకి సర్దింది. సింగపూరు పనికి వెళ్ళిన అన్న మళ్ళీ రాలేదు, 1978 దీపావళి ముందు. అందుకే ఎవరి సంచి అయినా సరే, జిప్పు లాగాక రెండుసార్లు తెరిచి చూస్తుంది. ఏదో పెట్టడం మర్చిపోయినట్టు, అది పెట్టి ఉంటే వాళ్ళు తిరిగొచ్చేవాళ్ళయినట్టు.

"ఏటే, నా దిండు ఎట్టినావా?" ముందు గదిలోంచి వీరాస్వామి.

"ఎట్టినాను."

వచ్చి ఆమె సంచి ఒకచేత్తో ఎత్తి చూశాడు. "ఇదేటి ఇంత బరువు? ప్రార్థనకొస్తన్నావా, పెళ్ళి వంటకొస్తన్నావా?"

తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఇరవయ్యేళ్ళ కిందట తాగుడు మానింది దేవుడి వల్లేనని ఊరంతా చెప్పుకున్నాడు, బాప్తిస్మం తీసుకున్నాడు, ఆమెకీ ఇప్పించాడు. గుర్తింపు కార్డు ఐసీలో మార్చుకోవడం పెద్ద తిప్పలని ఇద్దరూ పాత పేర్లే ఉంచుకున్నారు. ఆయన సంఘ పెద్ద అయ్యాడు. కూర్మమ్మకి వేరే పేరేదీ రాలేదు. గంజి అక్క అంటారు.

ఉప్పు సంగతి మొదటి ఏడే మొదలైంది. ఆ ఏడు గంజి ఉప్పు కషాయమైంది. కొత్తగా పెద్ద అయిన వీరాస్వామి అందరి ముందూ లేచి, "నాలిక లేదేటే నీకు?" అన్నాడు. మరుసటి ఏటి నుంచి ఆమె అరచేతిలో చుక్క వేసుకుని ఉప్పు చూడడం మొదలుపెట్టింది. ఆ రెండో ఏడు ఆఖరి రోజున పాస్టరు గారు, మూడు రోజులూ ఉపవాసం నిలుపుకున్న వాళ్ళని ముందుకి రమ్మన్నారు. తల మీద చెయ్యి పెట్టి, నుదుట నూనె రాసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ప్రార్థన చేస్తారు. కూర్మమ్మ చేతులు తుడుచుకుని లేచింది. పక్కనున్న వీరాస్వామి చీర కొంగు పట్టి మెల్లగా లాగాడు. "ఉప్పు సూసినావు కదే. ఉప్పు సూసిన నోటికి ఉపవాసమేటి? దేవుడి కాడ అబద్ధమాడతావా?" కోపంగా అన్లేదు. కోపంగా అని ఉంటే మర్చిపోయేది. ఆరోజు కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమె తల మీద చెయ్యి పెట్టి, కూర్మమ్మా అని పిలిచి, దేవుడికి ఆమెని చూపించలేదు.

బడికి వెళ్ళని కూర్మమ్మ యాభై దాటాక చదువు నేర్చుకుంది. తనకి నోటికొచ్చిన పాటల కింద వేలు పెట్టి, పాటని మెల్లగా నడిపిస్తూ అక్షరాలు పట్టుకుంది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు నాలుగు వరుసలు, బట్టలు ఆరేలోపు నాలుగు వరుసలు. అలా ఆ నల్లట్ట పుస్తకం రెండుసార్లు పూర్తిచేసింది. నిండు మనసుతో నన్ను వెతుకు అని దేవుడు అడుగుతున్నాడని అర్థమైంది కానీ, నిండు మనసు ఎక్కడ దొరుకుతుందో అర్థం కాలేదు. మోకరించిన ప్రతిసారీ సగం మనసు పొయ్యి దగ్గరే ఉండిపోయేది.

సరిగ్గా అప్పుడొచ్చింది జ్ఞానప్రసూన. గుంటూరు పిల్ల, సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తాతల నాటి నుంచి క్రైస్తవులు. వచ్చి రెండేళ్ళు. రెండేళ్ళూ ఆఖరి రోజున అందరికంటే ముందు నిలబడింది. ఆ పిల్ల పుస్తకంలో రంగు రంగుల గీతలు. ఆ పిల్ల మోకాళ్ళు నొప్పి పుట్టకుండా వంగుతాయి. ఆ పిల్ల కళ్ళు మూసుకోగానే నీళ్ళు కారతాయి. ఆ పిల్ల ఆమెన్ అంటే దేవుడు అటు తల తిప్పి చూస్తున్నట్టే ఉంటుంది కూర్మమ్మకి. ఒకసారి ఆ పిల్ల గంట సేపు నేల మీద తల ఆనించి కదలకుండా ఉండిపోతే, వీరాస్వామి గొంతు తగ్గించి, "సూడు, పరవశం. నువ్వూ ఉన్నావు, ప్రార్థనంటే కునికిపాట్లు," అన్నాడు. సవతి మీద కూడా ఇంత కుళ్ళు ఉండదేమో. పోయిన వారం, ఈ ఏడు ఆ పిల్ల రాకపోతే బాగుండునని ప్రార్థనే చేసేసింది. చేశాక భయం పట్టుకుంది. ఆ పిల్లకి ఏమైనా అయితే? రాకుండా పోయిన వాళ్ళ లెక్కలో తన నోటితో ఇంకొకర్ని చేర్చిందా?

శనివారం తెల్లారాక వాన్ దగ్గర జ్ఞానప్రసూన నవ్వుతూ నిలబడి ఉంటే కూర్మమ్మకి ప్రాణం కుదుటపడింది. మరుక్షణం కుళ్ళు కూడా యథాస్థానానికి వచ్చింది.

వంటంతా ఇంటి వెనక రేకుల పాకలో. చెక్క గోడ సందులోంచి హాలు కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి కూర్మమ్మ గుండిగలో నీళ్ళు పోసి, బియ్యం కడుగుతూ, ఒక కన్ను ఆ సందుకే పెట్టింది. జ్ఞానప్రసూన చోటు ఖాళీగా ఉంది. ఎక్కడికెళ్ళిందా అనుకునేలోపే పాక గుమ్మంలో నిలబడి ఉంది ఆ పిల్ల.

"కొంచెం మంచినీళ్ళు ఇస్తారా ఆంటీ?"

గ్లాసు ఇచ్చింది. తాగి, వెళ్ళకుండా పీట మీద కూర్చుంది. "మీరు ధన్యులు ఆంటీ. ఇంతమందికి సేవ చేస్తున్నారు."

కూర్మమ్మ చేతిలో బియ్యం ఆగిపోయాయి. "సేవ మంచిదైతే నువ్వూ సేస్తావా పాపా?" అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది.

జ్ఞానప్రసూన కోపం తెచ్చుకోలేదు. "అమ్మో, వద్దు ఆంటీ. ఇంట్లో చేసేదే చాలు. పొద్దున్న ఐదింటికి లేస్తే మా ఆయన రఘువీర్‌కి ఇడ్లీ, అత్తగారికి షుగర్ కాబట్టి జావ, పిల్లకి వేరే. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోను, సాయంత్రం ఏం వండుతున్నావని. ఇక్కడికొస్తానంటే మాత్రం మా అత్తగారు కాదనలేరు. దేవుడి పని కదా! ఈ మూడు రోజులే నన్నెవరూ ఏం వండావని అడగరు. కళ్ళు మూసుకోగానే ఏడుపొచ్చేస్తుంది."

కూర్మమ్మ ఆమె మొహంలోకి చూసింది. అడగకూడదనుకుంటూనే అడిగింది. "మరి పోయినేడు, గంటసేపు లేవలేదు కదా. దేవుడు మాటాడినాడా?"

ఆ పిల్ల గుమ్మం వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎవరికీ చెప్పకండి ఆంటీ. నిద్రపోయాను."

కూర్మమ్మకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగింది. ఆ పిల్లకైతే పరవశం, తనకైతే కునికిపాట్లు. ఇన్నాళ్ళూ దేవుడు ఆ పిల్లని వెతుక్కుంటూ వచ్చాడనుకుంది. ఆ పిల్ల దగ్గరికి ముందు వచ్చింది తీరిక. మూడు రోజుల తీరిక. దాన్ని ఈ పాకలో నిలబడి కాచి పోసింది తనే. హాల్లో ఇరవైమందికి దొరికిన నిండు మనసు కూడా తన సగం మనసులోంచి తీసిందే.

"మీరు వెళ్ళి కాసేపు ప్రార్థన చేసుకోండి ఆంటీ, గంజి నేను చూస్తాను," అంది జ్ఞానప్రసూన. అనడమైతే అంది కానీ, భుజాలు ముందే వాలిపోయాయి.

"వద్దు. నీ మూడు రోజులు నాకొద్దు. నీ సోట్లో నువ్వు కూకో. పడుకున్నా సరే."

ఆ పిల్ల వెళ్ళింది. గంజి ఉడుకు పట్టింది, పాందాన్ వాసన పాకంతా కమ్ముకుంది. నాలుగున్నర అయింది. కూర్మమ్మ గుప్పెడు ఉప్పు తీసింది. ముందు ఉప్పు వేస్తుంది, తర్వాత గరిటెతో కలుపుతుంది, తర్వాత అరచేయి చాపుతుంది. పదిహేడేళ్ళ అలవాటు. ఈసారి ఆ గుప్పెడు ఉప్పునీ తిరిగి డబ్బాలో పోసేసింది. మూత పెట్టింది. మంట సిమ్‌లో పెట్టి, డబ్బా పట్టుకుని హాల్లోకి నడిచింది.

ఎవరో పాట ఎత్తుకోబోయి ఆగారు. వీరాస్వామి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దిండు ఆయన కాళ్ళ దగ్గర ఖాళీగా ఉంది. కూర్మమ్మ ఉప్పు డబ్బా ఆయన ఒళ్ళో పెట్టి, వంగి దిండు తీసుకుంది.

"ఏటే ఇది? గంజెవరు సూస్తారు?"

"సూసినోళ్ళకి ఉపవాసం లేదని నువ్వే సెప్పినావు. నాకీయేడు ఉపవాసం కావాల."

"మరి ఉప్పూ?"

"నీ కాడే ఉంది కదా."

వెనక వరసలో ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. పాస్టరు గారు పుస్తకంలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టారు. కూర్మమ్మ ముందుకి వెళ్ళి, దిండు వేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మోకాలూ వంచింది. కళ్ళు మూసుకుంది. ఏడుపు రాలేదు. జ్ఞానప్రసూన మీద కుళ్ళు ఇంకా పూర్తిగా పోనూ లేదు. దాన్ని దాచడం ఎందుకని దాంతోనే మొదలుపెట్టింది.

"సామీ, నానొచ్చినాను. నీకూ రోషం ఉందని వాక్యంలో సదివినాను. నీవోళ్ళని ఇంకోడికి ఇవ్వవంట. మరి ఇన్నేళ్ళూ ఆ పొయ్యి నన్నట్టుకుపోతంటే, నీకు దాని మీద కుళ్ళు పుట్టనేదా?"

నది మీద చేపల పడవ ఒకటి టకటకమంటూ వెళ్ళింది. "ఏటే" అని ఎవరూ పిలవలేదు. కాసేపటికి ఆమెకి అనిపించింది, ఎవరో చాలాసేపటి కిందటే వచ్చి, పని తెమలనీ అని పక్కన కూర్చుని చూస్తున్నట్టు. అప్పుడు ఏడుపొచ్చింది.

పాకలోంచి గంజి అడుగంటుతున్న వాసన వచ్చింది. కుర్చీ జరిగిన చప్పుడు, ఉప్పు డబ్బా మూత చప్పుడు, వెనక గుమ్మం వైపు వీరాస్వామి అడుగులు. ఆ సాయంత్రం గంజి ఉప్పు కషాయంలా ఉందన్నారు. సోమవారం పాస్టరు గారు ఆమె నుదుట నూనె రాసి పేరు పెట్టి పిలిచారు. మరుసటి ఏడు ఆమె సంచిలో చీరలు మూడు, పుస్తకం ఒకటి ఉన్నాయి.

వంటపాకలోంచి వెళ్ళిన కూర్మమ్మ మళ్ళీ రాలేదు, 2024 సెప్టెంబరు 14, శనివారం, సాయంత్రం నాలుగున్నరకి.