ఫోను ఎవరి చేతిలో ఉంది

మా ఆయన చొక్కా నేను ఇస్త్రీ చేస్తుంటే ఆఫీసు నుంచి మా జూనియర్ ఫోన్ చేసింది. "మేడమ్, నిన్న సాయంత్రం ఏడింటికి మీ పాస్‌వర్డ్‌తో ఎవరో మన సిస్టంలోకి వచ్చారు. కరెంటు కంపెనీ ఫైళ్ళు తిరగేస్తున్నారు. మీరు కాదు కదా?" వెంటనే నా ఖాతా మూసేయమన్నాను. ఏడింటికి నేను పాపకి స్నానం చేయిస్తున్నాను. ఫోను హాల్లో ఉంది. హాల్లో ఆయన ఉన్నారు.

"ఫోటోలు పంపాను చూడు అని నీకు ఎవడో మెసేజ్ పెట్టాడు. వాడెవడో తెలుసుకోవద్దా?" అన్నారు తాపీగా, నేను అడిగితే. "అది నొక్కితే నీ ఆఫీసు పాస్‌వర్డ్ అడిగింది. నాకు తెలుసుగా, కొట్టాను." తెలుసు మరి. "మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేమిటి" అని పెళ్ళైన వారంలోనే మొదలెట్టారు. మార్చినప్పుడల్లా అడగడం, చెప్పకపోతే రెండ్రోజులు మూతి ముడుచుకోవడం. ఆయనది మాత్రం ఆఫీసు ఫోను, నేను ముట్టుకోకూడదు. మరి నాదేమిటి అంటే అత్తయ్య నవ్వేవారు. "అనుమానం ఉందంటే ప్రేమ ఉన్నట్టేనమ్మా." బ్యాంకులకీ, నీళ్ళకీ, కరెంటుకీ దేశం మొత్తం మీద కంప్యూటర్ దొంగల నుంచి కాపలా కాసే సెంటర్లో పనిచేస్తూ, ఇంట్లో మాటలు బంద్ అవుతాయని పాస్‌వర్డ్ చెప్పేదాన్ని. సిగ్గుగానే ఉంది.

దొంగలు పడ్డారని తెలిసిన గంటలోపు అందరికీ చెప్పాలి, చెప్పినవాళ్ళకి శిక్ష ఉండదు. ఈ రూలు నాది. కంపెనీలు ఒకరికొకరు చెప్పుకుంటే ఒకచోట పడ్డ దొంగ రెండోచోట దొరుకుతాడని రెండేళ్ళు గడప గడపా తిరిగాను. "ఆడవాళ్ళకి ఓపికెక్కువ, మీరే తిరగండి" అన్న డైరెక్టరుగారు, సంతకాల రోజున స్టేజీ మీద ఒక్కరే కూర్చున్నారు. అరవై రెండు కంపెనీలు సంతకం చేశాయి. ఇప్పటిదాకా ఒక్కటీ ఒక్క ముక్క రాయలేదు. పరువు అడ్డొచ్చింది.

"పొరపాటున నువ్వే నొక్కావని రాసెయ్" అన్నారు ఆయన, నేను గుమ్మం దాటుతుంటే. "నువ్వు పెట్టిన రూలేగా, నీకేం కాదు." ఆఫీసులో అంతా చెబితే డైరెక్టరుగారూ అదే అన్నారు. "పొరపాటు అంటే చాలమ్మా. ఇంటి గొడవలు కంపెనీల ముందెందుకు?" ఇద్దరూ కూడబలుక్కున్నట్టే ఉంది.

గంట నిండడానికి తొమ్మిది నిమిషాలుంది. రిపోర్టులో 'పొరపాటు' అని కొట్టడం మొదలుపెట్టాను కూడా. ఆ ఒక్క మాట రాస్తే ప్రతి కంపెనీ తన ఉద్యోగుల్ని జాగ్రత్త అంటుంది, అంతటితో సరి. కానీ ఆ మెసేజ్ పెట్టిన దొంగ గాలం వేసింది నాకు కాదు, మా ఆయనకి. పెళ్ళాం ఫోను వెతికే మొగుడు ప్రతి వీధిలోనూ ఉంటాడని వాడికి తెలుసు. ఆ సంగతి రాయకపోతే ఇవాళ సాయంత్రం ఇంకెన్ని ఇళ్ళల్లో నొక్కుతారో. భయమేసింది. ఇంటికి ఏ మొహంతో వెళ్ళాలి, పాప ముందు ఏం జరుగుతుంది అని. ఆ భయాన్ని మించి కోపం వచ్చింది. కొట్టినదంతా చెరిపేశాను.

'దారి: నా ఫోను. ఎవరి చేతిలో ఉంది: నా భర్త చేతిలో. ఎందుకు తెరిచారు: నా మీద అనుమానంతో.' అరవై రెండు చోట్లకీ పంపేశాను.

"ఎంత పని చేశావమ్మా!" డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచిపోయారు. ఏం రాశానో కనుక్కోడానికి మా ఆయన ఐదుసార్లు ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు.

పావుగంటకి నీటి సరఫరా కంపెనీ నుంచి ఒక రిపోర్టు వచ్చింది. సంతకాలయ్యాక ఒక కంపెనీ రాసిన మొదటి రిపోర్టు. రాసింది మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని ఎప్పుడూ నోరు విప్పని ఇంజనీరమ్మ.

'దారి: నా ఫోను. ఎవరి చేతిలో ఉంది: మా ఆయన చేతిలో. ఎందుకు తెరిచారు: మీరు రాసిందే.'