వంకర గోడ

"గోడ వంకరగా ఉంది," అన్నాడు మేస్త్రి.

గదిలో మిగతా ముగ్గురూ చేస్తున్న పని ఆపేశారు. అతని నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని వెనక నిలబడ్డ బావమరిది, చేతికి అందేలా కుర్చీ జరుపుతున్న భార్య, నేల మీద కూర్చుని అతని పాదాలు సరిచేస్తున్న ఫిజియో అమ్మాయి.

"ఏ గోడ?" అన్నాడు బావమరిది. ఏ గోడో తెలిసే అడిగాడు.

"ఎదురుగా ఉన్నదే. గుమ్మం కూడా. మొత్తం కుడికి ఒరిగింది. నా ఒళ్లు పడిపోయింది గానీ కళ్లు పడిపోలేదు. నా దగ్గర పని నేర్చుకుని, నా ఇంట్లోనే వంకర గోడ లేపావు. సిగ్గుండాలి."

బావమరిది మొహం కందిపోయింది. మేస్త్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మెట్లెక్కే పని లేకుండా కింద ముందుగదిని రెండుగా చీల్చి ఆ గోడ కట్టింది అతనే. పగలు బయట పని చేసుకుని, సాయంత్రాలు వచ్చి కట్టాడు. చేతికి పట్టుకోవడానికి కడ్డీ బిగించాడు. స్నానాలగది గుమ్మం వెడల్పు చేశాడు. ఇన్నాళ్లలో మేస్త్రి నోటి నుంచి దాని గురించి వచ్చిన మొదటి మాట ఇదే.

స్ట్రోక్ మేస్త్రి ఎడమ కాలూ చెయ్యీ లాగేసింది. రెండూ కొంత తిరిగొచ్చాయి. నిలబడటం మాత్రం రాలేదు. లేపి నిలబెడితే ఎడమకి ఒరుగుతాడు. సరిచేయబోతే బాగున్న కుడికాలితో నేలని తన్ని, కుడిచేత్తో కుర్చీని నెట్టి, పగబట్టినట్టు ఇంకా ఎడమకే తోసుకుంటాడు. కిందటి వారం అలాగే భార్య మీద పడ్డాడు. ఆమె మణికట్టుకి ఇంకా కట్టు ఉంది.

"మీకు నిటారుగా అనిపించేది నిటారు కాదు మేస్త్రిగారూ," అంది ఫిజియో. "మెదడుకి దెబ్బ తగిలినప్పుడు ఒక్కోసారి ఒంటికి నిలువు తెలియకుండా పోతుంది. మళ్లీ నేర్పాలి. అందుకే ఈ వ్యాయామం."

జుట్టు నెరిసేదాకా గోడలు నిలబెట్టిన మనిషికి, నిలువంటే ఏమిటో తెలియదని నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల చెబుతోంది. మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాకు నిలువు నేర్పుతావా అమ్మాయ్? మీరంతా నన్ను వంకరగా నిలబెట్టి, సరిగ్గా ఉన్నానంటారు. సరిగ్గా నిలబడితే వంకరంటారు. ముందు వాడి గోడ సరిచేయించు, తర్వాత నా ఒళ్లు చూద్దువుగాని."

బావమరిది అతన్ని మంచం మీద కూలేశాడు. కొంచెం మొరటుగానే. బెల్టు వదిలేశాడు.

"అక్కా, రేపటినుంచి నేను రాను."

"ఒరేయ్..."

"ఈయన్ని లేపీ లేపీ నడుం పోయింది. పోతే పోయింది, ఒక్క మంచి మాట లేదు సరే, నా పని మీద ఉమ్మేస్తాడా? పని నేర్చుకునే రోజుల్లో నా మొదటి గోడ కాలితో తన్ని పడగొట్టాడు, నోరెత్తలేదు. దీన్ని తన్నడానికి కాలు లేదని నోటితో తంతున్నాడు."

తమ్ముడు రాకపోతే ఏమవుతుందో మేస్త్రి భార్యకి తెలుసు. మేస్త్రికి ఇంకా బాగా తెలుసు. ఒక్క చేత్తో ఆమె అతన్ని లేపలేదు. లేపేవాడు లేకపోతే వ్యాయామం లేదు. వ్యాయామం లేకపోతే ఈ మంచం, ఈ మంచం కింద ప్లాస్టిక్ గిన్నె, రోజూ పొద్దున్నే భార్య తుడుస్తుంటే గోడవైపు తిరిగి పళ్లు కొరుక్కోవడం. తనంతట తాను స్నానాలగదికి వెళ్లి తలుపేసుకోవాలి. ఈ లోకంలో అతనికి కావలసింది అంతే. తెలిసి కూడా తగ్గలేదు.

"పో. పోయేముందు నా తూకం గుండు తెచ్చి వేలాడదీసి పో. నీ పనితనం ఈ అమ్మాయి కూడా చూస్తుంది."

"తెస్తా. గోడ నూలుపోగంత తేడా ఉన్నా రేపటినుంచి తాపీ ముట్టుకోను. తేడా లేకపోతే?"

"లేకపోతే చూద్దాం."

"చూసేదేం లేదు బావా. నోరు మూసుకుని ఈ అమ్మాయి చెప్పింది చెయ్యాలి."

మేస్త్రి భార్య లోపలికి వెళ్లింది. పనిసంచి తెచ్చి దబ్బున మంచం మీద పడేసింది. "ఇంట్లో అందరం అబద్ధాలకోరులమే కదా. నాతో కన్నా దీంతోనే ఎక్కువ కాపురం చేశారు. దీన్నే అడగండి."

దారం చివర ఇనప గుండు. దారం పట్టుకుని వదిలితే గుండు బరువుకి అది నిలువుగా దిగుతుంది. గోడ దానితో కలిసి దిగాలి. మేస్త్రి బతుకంతా ఆ ఒక్క దారం మీద నడిచింది.

బావమరిది గుమ్మం పైన మేకు కొట్టి దారం వదిలాడు. గుండు ఊగింది.

"ఆగనీ. ఊగుతున్నప్పుడు చూడొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

గుండు ఆగింది. దారం పైనుంచి కిందదాకా గుమ్మం అంచుని అంటిపెట్టుకున్నట్టు దిగింది. ఎక్కడా తేడా రాలేదు.

"ఫ్యాన్ గాలికి తోస్తోంది," అన్నాడు మేస్త్రి.

భార్య ఫ్యాన్ ఆపింది. ఏమీ మారలేదు.

బావమరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి ఆ దారాన్ని చూస్తూనే ఉన్నాడు. అది కూడా కుడికి ఒరిగినట్టే కనిపిస్తోంది. మనిషి అబద్ధం చెబుతాడు. గోడ కట్టినవాడు చెబుతాడు, చదువుకున్న పిల్ల చెబుతుంది. దారానికేం పని? గుండు ఎడమకో కుడికో వేలాడదు. అలా వేలాడుతోందనే మేస్త్రి ఎవడైనా తన దగ్గరికొస్తే, తాగొచ్చాడని గేటు బయటికి పంపేవాడు.

ఫిజియో నిలువుటద్దం లాక్కొచ్చి దారం వెనక పెట్టింది. "లేపండి. ఈసారి మాత్రం ఆయన్ని నెట్టొద్దు. ఒరిగిన గోడకి దూలం ఆనించినట్టు ఇన్నాళ్లూ మీరు అటునుంచి తోస్తున్నారు, ఆయన ఇటునుంచి ఎదురు తోస్తున్నారు. ఆయనే రావాలి."

బావమరిది విసురుగా వచ్చి లేపాడు. బెల్టు పట్టుకున్నాడంతే, నెట్టలేదు.

అద్దంలో మేస్త్రి తనని చూసుకున్నాడు. ముందు దారం, వెనక చొక్కా గుండీల వరుస. మెడ దగ్గర గుండీ దారానికి దూరంగా ఎక్కడో ఉంది. ఆ వంక చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. అదే ఓ గోడ అయితే తనే తన్ని పడగొట్టేవాడు.

ఇంతకాలం ఇలా నిలబడి, ఇలా మాట్లాడాడన్నమాట.

"కుర్చీ మీంచి చెయ్యి తియ్యండి," అంది ఫిజియో. "కుడి భుజం పక్క గోడకి ఆనేదాకా రండి. గుండీలని దారం మీదకి తీసుకురండి."

కుడికి కదిలాడు. వెంటనే ఒళ్లంతా ఎదురు తిరిగింది. పడిపోతున్నావని, కుడివైపు గొయ్యి ఉందని, పరంజా మీంచి కాలు జారినట్టు గోల పెట్టింది. కుడికాలు నేలని తన్నబోయింది.

"ఆగవే దరిద్రపుదానా," అని తన కాలినే తిట్టాడు. తర్వాత బావమరిదిని తిట్టాడు. గోడని, ఫిజియోని, ఆమెకి చదువు చెప్పినవాళ్లని కూడా వరుసగా తిట్టాడు. కళ్లు మాత్రం దారం మీంచి తీయలేదు. కింది గుండీ దారాన్ని తాకింది. తర్వాత నడిమిది. చెమట కనుబొమల మీంచి కారుతోంది. పై గుండీ.

కుడి భుజానికి గోడ చల్లగా తగిలింది.

"బెల్టు వదిలేశా బావా," అన్నాడు వెనకనుంచి బావమరిది.

మేస్త్రి నిలబడ్డాడు. ఒళ్లు మొత్తం పడుతున్నావని అరుస్తుంటే, దారాన్ని నమ్మి నిలబడ్డాడు. ఒక్క శ్వాస, ఇంకో శ్వాస. ఆ తర్వాత మోకాలు వణికింది, బావమరిది ఒడిసిపట్టి మంచం మీద కూర్చోబెట్టాడు.

ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే కొడతాడని ముగ్గురికీ తెలుసు. భార్య కట్టున్న చేత్తోనే నీళ్లగ్లాసు అందించింది.

బావమరిది గుమ్మం దగ్గరికి వెళ్లి దారం విప్పబోయాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా. అక్కడే ఉండనీ."

"మరి గోడ సంగతి?"

మేస్త్రి నీళ్లు మింగాడు. "గోడ బాగానే ఉంది. ప్లాస్టరింగే చెత్తగా ఉంది. రేపు పెందలాడే రా."

"నోరు మూసుకోవాలి. పందెం."

మేస్త్రి కోపంగా చూశాడు. నోరు మూసుకున్నాడు. మళ్లీ లేపమని కుడిచెయ్యి చాపాడు.